కీర్తియే కూలి అయినప్పుడు: మీర్జా గాలిబ్ జీవితం

వడ్రంగిని పిలిచి తలుపు చేయించుకొన్నవాడు, మా ఇంటి తలుపును నలుగురూ చూస్తారు, దానివల్ల నీకు పేరు వస్తుంది, కనుక కూలి తగ్గించుకోమని అడగడు. అడిగినా వడ్రంగి వినడు. అదే మనిషి కవిని, చిత్రకారుని, గాయకుని ఎదుట కూర్చుండబెట్టుకొని నిస్సంకోచంగా ఆ మాట అనగలడు. ఏ కొలువూ లేక, పనికి పనిగా బొమ్మలు వేసి, పాటలు వ్రాసి, ఛాయాచిత్రాలు తీసి బ్రతుకుదామనుకొనే యువతీయువకులు నేడు ఈ మాటను తరచుగా వింటున్నారు. ఈ బేరం కొత్తది కాదు. ఉర్దూ సాహిత్యంలో అత్యధిక కీర్తిని గడించిన కవి జీవితం సగానికి పైగా ఈ బేరంలోనే గడిచిపోయింది. ఆ కవి మీర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్. ఆయన గజళ్ల మాధుర్యాన్ని గురించి వ్రాసినవారు ఎందరో ఉన్నారు. ఆయన చేతికి వచ్చిన రూపాయలను, రాని రూపాయలను లెక్కించి చూడడమే ఇక్కడి ప్రయత్నం.

గాలిబ్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో జన్మించాడు. వారిది మధ్య ఆసియా నుండి వలస వచ్చిన సైనిక వంశం. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ ఆల్వారు రాజు కొలువులో ఉండి 1802లో పోరులో మరణించాడు. ఆదరించిన పినతండ్రి నస్రుల్లా బేగ్ ఖాన్ 1806లో ఏనుగు మీదినుండి పడి చనిపోయాడు. ఆ పినతండ్రి ఆంగ్లేయుల పక్షాన చేసిన సేవకు ప్రతిగా కుటుంబానికి ఒక పింఛను ఏర్పడింది. అది ఫిరోజ్‌పూర్ ఝిర్కా నవాబు అహ్మద్ బక్ష్ ఖాన్ ద్వారా చెల్లించవలసిన సొమ్ము. మొదట సంవత్సరానికి పదివేలన్న మాట ఐదువేలయింది. అందులోనూ ఇతరుల వాటాలు పోగా గాలిబ్ వంతుకు సాలుకు 750 రూపాయలు, అనగా నెలకు అరువది రెండున్నర రూపాయలు మిగిలింది. పదమూడవ ఏట ఉమ్రావ్ బేగంతో వివాహమైంది. కొద్దికాలానికే ఆయన ఢిల్లీ చేరి అక్కడనే స్థిరపడ్డాడు. ఏడుగురు బిడ్డలు పుట్టినా ఒక్కరూ దక్కలేదు.

తాత తండ్రులు కత్తి పట్టి సంపాదించారు. తాను కలం పట్టాడు. కానీ కలానికి ధర కట్టే అంగడి ఆనాటి ఢిల్లీలో లేదు. కవి బ్రతకడానికి రెండే దారులు: ప్రభువును ఆశ్రయించడం, లేదా ప్రభుత్వపు కచేరీలో అర్జీ పెట్టుకోవడం. గాలిబ్ రెండు దారులూ త్రొక్కాడు.

తగ్గిపోయిన పింఛను కోసం ఆయన కలకత్తాకు బయలుదేరాడు. దారిలో లక్నోలో ఆగాడు. అక్కడ అవధ్ మంత్రి ఆగా మీర్ దర్శనం చేయించడానికి మిత్రులు సిద్ధపడ్డారు. గాలిబ్ రెండు షరతులు పెట్టాడు. తాను లోనికి రాగానే మంత్రి లేచి ఆహ్వానించాలి, తాను నజరానా సమర్పించనక్కరలేదు. మంత్రి అంగీకరించలేదు, దర్శనం జరుగలేదు. 1828 ఫిబ్రవరిలో కలకత్తా చేరి, అక్కడి ముషాయిరాలలో పారసీ కవిత్వం వినిపించాడు. మెప్పుతోపాటు ఆక్షేపణలూ వచ్చాయి. పదప్రయోగాలపై చెలరేగిన వివాదాన్ని చల్లార్చడానికి ఒక మస్నవీ వ్రాయవలసి వచ్చింది. 1829 నవంబరులో ఢిల్లీకి తిరిగి చేరేనాటికి పేరు పెరిగింది, అప్పు అంతకంటె ఎక్కువగా పెరిగింది. 1831లో అర్జీ త్రోసివేయబడింది.

అయితే ఆ కచేరీల వల్ల ఆయనకు ఒకటి దక్కింది. గవర్నర్ జనరల్ దర్బారులో కుడివైపు వరుసలో పదవ ఆసనం, ఏడు వస్త్రాలు మూడు ఆభరణాలు గల ఖిల్లతు ఆయన గౌరవ చిహ్నాలయ్యాయి. ఈ ఆసనం సంగతిని, ఈ ఖిల్లతు సంగతిని ఆయన తన లేఖలలో ఎన్నిసార్లు చెప్పుకొన్నాడో! నెలసరి జీతం ఇచ్చే ఉద్దేశం లేని ప్రభుత్వానికి కుర్చీ వేయడం ఎంత చవుకయిన పనో ఆయనకు తెలియదని అనుకోలేము. తెలిసీ దానినే కోరుకొన్నాడు. గాలిబ్‌ను నిందించవలసి వస్తే ఇక్కడనే నిందించాలి, ఆయన మద్యం కోసమో మామిడిపండ్ల కోసమో చేసిన ఖర్చు దగ్గర కాదు.

శిష్యుడు హాలీ రచించిన గాలిబ్ జీవితచరిత్రలో ఒక ముచ్చట ఉంది. దర్బారులో ఖిల్లతు అందుకొని ఇంటికి వచ్చిన కవి వెనుకనే ప్రభుత్వపు చప్రాసీలు ఇనాము కోసం వచ్చేవారు. ఇవ్వడానికి ఇంటిలో నగదు ఉండేది కాదు. అందుచేత వారిని కూర్చుండబెట్టి, ఆ ఖిల్లతునే బజారుకు పంపి అమ్మించి, వచ్చిన సొమ్ములోనుండి వారికి ఇనాము ఇచ్చేవాడట. గౌరవాన్ని నిలుపుకోవడానికి గౌరవ వస్త్రాన్నే అమ్ముకొన్న మనిషి అన్నమాట! పేరును కూలిగా తీసుకొనేవారి ఆదాయ వ్యయ పట్టిక ఇంతకంటె స్పష్టంగా మరెక్కడా కనబడదు.

అవధ్ కథ మరీ విచిత్రం. నవాబు నసీరుద్దీన్ హైదర్‌ను స్తుతిస్తూ గాలిబ్ ఒక ఖసీదా వ్రాసి పంపాడు. నవాబు సంతోషించి ఐదువేల రూపాయలు మంజూరు చేశాడు. ఆ సొమ్ములో మూడువేలు మంత్రి రౌషనుద్దౌలా తీసుకొని, మిగిలిన రెండువేలను ఖసీదా తెచ్చిన మధ్యవర్తికి ఇచ్చి, కవికి ఏమి పంపుతావో నీ ఇష్టమన్నాడు. మధ్యవర్తి ఏమీ పంపలేదు. లక్నో కవి నాసిఖ్ ద్వారా ఈ సంగతి గాలిబ్‌కు తెలిసి, విచారణ మొదలుకావడానికి ప్రయత్నం జరుగుతుండగానే 1837లో నవాబు మరణవార్త వచ్చింది. ఈ కథను గాలిబే తరువాత ఒక లేఖలో చెప్పుకొన్నాడు. ఖసీదా మెప్పు పొందింది, సొమ్ము విడుదల అయింది, కవికి మాత్రం దమ్మిడీ చేరలేదు. ఇచ్చేవాడు మంచివాడైనంత మాత్రాన చాలదు, మధ్య ఎన్ని చేతులున్నాయో చూసుకోవాలి. నేటి కళాకారులకు ఈ అనుభవం వేరే చెప్పనక్కరలేదు.

1842లో ఢిల్లీ కళాశాలలో పారసీ ఆచార్య పదవి ఖాళీ అయింది. జీతం నెలకు నూరు రూపాయలు. అప్పటి గాలిబ్ పింఛనుకు అది ఒకటిన్నర రెట్ల కంటె అధికం. ఎంపిక చేయవలసినవాడు థామసన్ దొర. గాలిబ్ పల్లకి ఎక్కి దొర ఇంటికి వెళ్లి, వాకిట దిగి నిలుచున్నాడు. దర్బారు మర్యాద ప్రకారం దొర బయటికి వచ్చి తోడుకొని పోవాలని ఆయన ఉద్దేశం. దొర వచ్చి, దర్బారుకు వచ్చినప్పుడు ఆ మర్యాద జరుగుతుందనీ, ఇప్పుడు ఉద్యోగం కోసం వచ్చారు గనుక జరుగదనీ చెప్పాడు. ఉద్యోగం వల్ల ఉన్న గౌరవం పెరుగుతుందనుకొన్నాను గాని తగ్గుతుందనుకోలేదని చెప్పి గాలిబ్ పల్లకి మరలించాడు. ఈ ఘట్టాన్ని ఆత్మగౌరవానికి దృష్టాంతంగా సభలలో వినిపిస్తూ ఉంటారు. ఉమ్రావ్ బేగం దానిని ఎలా విన్నదో ఎవరూ వ్రాయలేదు. నెలకు నూరు రూపాయలంటే ఇంటి అద్దె, నౌకర్ల జీతాలు, వడ్డీ. గాలిబ్ జీవితాంతం సొంత ఇల్లు కట్టుకోలేదు, హాలీ చెప్పినదాని ప్రకారం పుస్తకాలు కూడా కొనేవాడు కాడు, ఎరువు తెచ్చుకొని చదివేవాడు. నా మట్టుకు ఆ వాకిట జరిగినది సగం ఆత్మగౌరవం, సగం పదవ నంబరు కుర్చీ ప్రభావం అనిపిస్తుంది. కుర్చీని జీతంగా లెక్కించడానికి అలవాటుపడినవానికి జీతం కుర్చీకంటె చిన్నదిగా కనబడడం సహజం.

ఇదే కాలంలో మరొక కవి వేరొక దారిన నడిచాడు. ఆయన జౌక్. నిరుపేద సైనికుని కుమారుడు. యువరాజుగా ఉన్న జఫర్ కవిత్వాన్ని దిద్దడానికి ఆయన మొదట పొందిన జీతం నెలకు నాలుగు రూపాయలని శిష్యుడు ముహమ్మద్ హుస్సేన్ ఆజాద్ వ్రాశాడు. నాలుగు రూపాయలు! నవ్వినవారు నవ్వగా జౌక్ ఆ కొలువును విడువలేదు. జఫర్ చక్రవర్తి అయిన తరువాత అది ముప్పదికి, చివరకు నూటికి పెరిగింది. తక్కువ జీతానికి ఒప్పుకొనడం ఎల్లప్పుడూ తెలివితక్కువ అనడానికి వీలులేదని జౌక్ జీవితం చెబుతున్నది. కానీ అక్కడ ఇవ్వబడినది స్వల్పమైనా జీతం. నెల నెలా వచ్చేది, పెరిగే అవకాశం ఉన్నది, ఇచ్చేవాడు ఎదుటనే ఉన్నాడు. పేరు వస్తుందన్న వట్టి మాట కాదు.

గాలిబ్‌కు ఎర్రకోట తలుపులు ఆలస్యంగా తెరుచుకొన్నాయి. జూదం నేరంపై 1847లో కారాగారవాసం చేసి వచ్చిన అవమానం మాయకముందే, 1850 జూలైలో బహదూర్ షా జఫర్ ఆయనను పిలిపించి నజ్ముద్దౌలా, దబీరుల్ముల్క్, నిజాం జంగ్ అనే మూడు బిరుదులనూ ఒక ఖిల్లతునూ ఇచ్చాడు. తైమూరు వంశ చరిత్రను పారసీలో రచించే పని అప్పగించాడు. బిరుదులు మూడు, జీతం యాభై రూపాయలు. అదైనా ఆరు నెలలకు ఒకసారి చెల్లించే పద్ధతి. నెలనెలా అప్పు చేసి తింటూ, ఆరు నెలలకు వచ్చిన జీతం వడ్డీ వ్యాపారికి సమర్పించడం కవికి దుర్భరమైంది. అప్పుడు ఆయన చేసిన పని నాకు మిక్కిలి నచ్చుతుంది. జీతం నెలనెలా ఇప్పించమని చక్రవర్తికి పద్యరూపంలో విన్నపం పంపాడు. చలికాలపు బట్టలు లేవని, షాహుకారు తన జీతంలో వాటాదారు అయ్యాడని చమత్కారంగా మొరపెట్టుకొన్నాడు. విన్నపం నెరవేరింది. తన జీవితంలో గాలిబ్ పేరు కోసం కాక, పనికి రావలసిన కూలి కోసం, అది అందవలసిన గడువు కోసం అడిగిన సందర్భాలలో ఇది ఒకటి. అడిగినందువల్ల ఆయన గౌరవానికి ఏ లోటూ రాలేదు. ఆ విన్నపం నేటికీ ఆయన దివానులో భాగంగా చదువబడుతున్నది.

చరిత్ర రచన మాత్రం సగంలో నిలిచిపోయింది. సృష్ట్యాది నుండి హుమాయూను వరకు గల మొదటి భాగం మెహ్రె నీమ్‌రోజ్ పేర 1854లో ముద్రితమైంది. రెండవ భాగం వ్రాయనే లేదు. ఆ జీతానికి ఆ పని చాలుననుకొన్నాడేమో!

1854లో జౌక్ మరణించగా చక్రవర్తికి ఉస్తాదు పదవి గాలిబ్‌కు లభించింది. యువరాజు ఫఖ్రుద్దీన్ సాలుకు నాలుగు వందలు, అవధ్ నవాబు వాజిద్ అలీ షా సాలుకు ఐదు వందలు ఏర్పరచారు. పింఛను, కోట జీతం కలుపుకొంటే సంవత్సరానికి 2250 రూపాయలు. ఆయన జీవితంలో అంతవరకు ఎరుగని నిశ్చింత అది. రెండు సంవత్సరాలు నిలిచింది. 1856లో ఆంగ్లేయులు అవధ్‌ను కలుపుకొన్నారు, యువరాజు అదే సంవత్సరం మరణించాడు. ఆ తరుణంలో గాలిబ్ చూపు లండను వైపు మళ్లింది. విక్టోరియా రాణిని కీర్తిస్తూ ఖసీదా పంపి, బిరుదు, ఖిల్లతు, పింఛను అర్థించాడు. విచారణ జరుగుతుందన్న ఆశాజనకమైన జాబు 1857 ఆరంభంలో అందింది. మే నెలలో తిరుగుబాటు లేచింది.

ఢిల్లీ ఆంగ్లేయుల వశమయ్యాక గాలిబ్ ఇంటిలో బట్టలు అమ్ముకొని తిన్నారు. మతి చలించిన తమ్ముడు యూసుఫ్ ఆ అక్టోబరులో మరణించాడు. పింఛను నిలిచిపోయింది. ఎందుకు నిలిచిందో గమనించవలసి ఉన్నది. చక్రవర్తి పేర నాణెం మీద ముద్రించడానికి గాలిబ్ పద్యం చెప్పాడని ఒక గూఢచారి వ్రాసి ఇచ్చాడు. ఆ పద్యం తనది కాదని గాలిబ్ మొత్తుకొన్నాడు. పాత పత్రికల ప్రతుల కోసం ఊరూరా మిత్రులకు జాబులు వ్రాశాడు. ఏమి లాభం? నగరంలో పేరుమోసిన కవి ఆయనే, కోటలో ఉస్తాదు ఆయనే. పద్యం ఎవరిదైనా ఆయన మెడకే చుట్టుకొంటుంది. నెలకు యాభై రూపాయల జీతంతోపాటు వచ్చిన కీర్తి మూడేళ్ల పింఛనును మ్రింగివేసింది.

1858లో తిరుగుబాటు నాటి అనుభవాలను దస్తంబూ అనే పారసీ గ్రంథంగా ఆగ్రాలో అచ్చువేయించాడు. కాగితం, అక్షరం, జిల్దు ఏవి ఎలా ఉండాలో శిష్యుడు హర్‌గోపాల్ తఫ్తాకు జాబుల మీద జాబులు వ్రాశాడు. రాణికి, గవర్నర్ జనరల్‌కు, ఇతర అధికారులకు పంపే ప్రతులకు ప్రత్యేకమైన జిల్దులు కట్టించాడు. అమ్మకం కోసం కాదు, దొరల దృష్టిలో పడడం కోసం. పింఛను 1860 మే నెలలో తిరిగి వచ్చింది, దర్బారు గౌరవం 1863లో తిరిగి వచ్చింది. రాణిగారి ఆస్థాన కవి కావాలన్న కోరిక కోరికగానే మిగిలింది.

ఇంతలో రాంపూరు నవాబు యూసుఫ్ అలీ ఖాన్ గాలిబ్ శిష్యుడయ్యాడు. ఆయన పద్యాలు తపాలాలో వచ్చేవి, దిద్దుబాట్లు తపాలాలో వెళ్లేవి. 1859 జూలై నుండి నెలకు నూరు రూపాయలు క్రమం తప్పక వచ్చింది. 1865లో యూసుఫ్ అలీ ఖాన్ మరణించిన తరువాత కుమారుడు కల్బె అలీ ఖాన్ దానిని కొనసాగించాడు. బిరుదు లేదు, కుర్చీ నంబరు లేదు, చేసిన పనికి నెలసరి రుసుము మాత్రమే. గాలిబ్ చివరి పది సంవత్సరాలు గడవడానికి ప్రధానాధారం అదే. ఉర్దూ గద్యానికి కొత్త ప్రాణం పోసిన ఆయన లేఖలలో అనేకం ఈ పది సంవత్సరాలలోనే పుట్టాయి. ఈ రెండింటికీ సంబంధం లేదని నేను అనుకోలేను.

ఇక ఏ రుసుమూ లేకుండా ఆయన చేసిన దిద్దుబాట్లకు లెక్కలేదు. హిందువులు, ముస్లిములు, ధనికులు, పేదలు, ఎక్కడెక్కడివారో గజళ్లు పంపేవారు. హైదరాబాదులో ఉండిన హబీబుల్లా జకా కూడా ఆయన ఉత్తరాలు అందుకొన్న శిష్యులలో ఒకరు. గాలిబ్ శిష్యుడననిపించుకొనడం పంపినవారికి పేరు. ఆయనకు మిగిలినది కన్నుల నొప్పి. చూపు మందగించి, చేయి వణుకుతున్న రోజులలో, ఇక దిద్దలేను, క్షమించండి అని పత్రికల ద్వారా వేడుకోవలసి వచ్చింది. అయినా కవితలు రావడం ఆగలేదట.

ముద్రణ సంగతి కూడా ఇటువంటిదే. ఆయన ఉర్దూ దివాను 1841లో మొదటిసారి, 1847లో రెండవసారి అచ్చయింది. 1861లో ఢిల్లీలో వేసిన ప్రతి తప్పులతడకగా రాగా, ఆయనే కూర్చొని సవరించిన ప్రతిని కాన్పూరుకు పంపాడు. అది 1862లో వెలువడింది. మరుసటి సంవత్సరం ఆగ్రాలో మరొకటి వచ్చింది. లక్నోలో నవల్ కిశోర్ పారసీ కుల్లియాతును వేశాడు. జీవించి ఉండగానే ఐదుసార్లు దివాను అచ్చయిన కవికి ఆ పుస్తకాల మీద బ్రతకగల ఆదాయం ఏర్పడలేదు.

1869 ఫిబ్రవరి 15న గాలిబ్ మరణించాడు. అప్పులు తీర్చి పోవాలని చివరి మాసాలలో రాంపూరుకు వ్రాసుకొన్న అభ్యర్థనలు ఉన్నాయి. సంవత్సరం నిండడానికి కొద్ది రోజుల ముందు, 1870 ఫిబ్రవరి 4న, ఉమ్రావ్ బేగం కూడా కన్నుమూసింది.

ఆ తరువాత కీర్తి వచ్చింది. వస్తుందని చెప్పినవారు అబద్ధమాడలేదు. 1897లో హాలీ జీవితచరిత్ర, 1928లో చుగ్తాయీ చిత్రాల దివాను, 1954లో రాష్ట్రపతి స్వర్ణపతకం పొందిన సొహ్రాబ్ మోదీ చలనచిత్రం, 1969లో శతవర్ధంతి ఉత్సవాలు, 1988లో గుల్జార్ దూరదర్శన్ ధారావాహిక. ఆయన గజళ్లు పాడి గాయకులు, అచ్చువేసి ప్రకాశకులు బాగుపడ్డారు. మన తెలుగులో దాశరథి కృష్ణమాచార్య గాలిబ్ గీతాలు 1961లో వెలువడి, ఉర్దూ రాని వేలమందికి ఆ కవిని ఆత్మీయుని చేశాయి. బాపు బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకం నేటికీ తెలుగువారి ఇండ్లలో కనబడుతుంది. దాశరథి సినిమా పాటల రచన ఆరంభమైనది కూడా ఆ సంవత్సరమే.

ఢిల్లీలో బల్లీమారాన్ దాటి గలీ కాసిం జాన్‌లోనికి వెళితే, గాలిబ్ చివరి సంవత్సరాలలో అద్దెకున్న ఇల్లు ఉంటుంది. చాలాకాలం అది వ్యాపారుల చేతిలో ఉండిపోయింది. 2000 సంవత్సరంలో ప్రభుత్వం అందులో కొంత భాగాన్ని బాగుచేయించి స్మారకంగా తెరిచింది. సొంత ఇల్లు ఎరుగని మనిషి పేరు ఇప్పుడు ఆ ఇంటి గుమ్మం మీద ఉన్నది. లోనికి వెళ్లడానికి రుసుము లేదు.